ఏ ఊరి చాక్లెట్ ఇది?

మే నెలలో విజయవాడ గవర్నర్‌పేటలో మామిడిపళ్ల బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా ధర అడగరు. "ఏ ఊరి కాయ?" అంటారు. "నూజివీడు కాయండీ" అంటాడు బండి అబ్బాయి. "గడ్డిలో మాగేసిందేనా, మందు పెట్టారా?" అన్నది రెండో ప్రశ్న. ఆ తర్వాత కాయను చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తారు. చిన్న రసమా, పెద్ద రసమా, చెరకు రసమా అని తేల్చుకుంటారు. బేరం చివర్లో మొదలవుతుంది. మామిడిపండు కొనడం ఎలాగో ఈ ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

అదే మనిషి నాలుగడుగులు వేసి బీసెంట్ రోడ్డులోకి తిరిగి చాక్లెట్ కొంటే, ఒక్క ప్రశ్న కూడా వేయడు. రేపర్ రంగు చూసి, పేరు చూసి, డబ్బులిచ్చి జేబులో వేసుకుంటాడు. లోపల ఉన్నది ఏ చెట్టుకు కాసిందో, ఆ చెట్టు ఏ దేశంలో ఉందో అడగాలని కూడా తోచదు. నాకూ చాలా ఏళ్లు తోచలేదు. ఆ గింజలు కాసే తోటలు మన ఊరికి కారులో రెండు గంటల దూరంలో ఉన్నాయని తెలిసిన రోజు నుంచి మాత్రం, మామిడిపండును అడిగే ప్రశ్నలన్నీ చాక్లెట్‌నూ అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ రుచి పెరుగుతోంది.

మాటతోనే మొదలుపెట్టాలి. తెలుగులో కాగితంలో చుట్టిన తీపి బిళ్ల ఏదైనా చాక్లెట్టే. చిత్తూరులో 1952లో మొదలైన న్యూట్రిన్ వాళ్ల బిళ్లలు చప్పరిస్తూ పెరిగిన తరాలు మనవి. పుట్టినరోజు నాడు బడిలో పంచిందీ, చిల్లర లేకపోతే కొట్టువాడు చేతిలో పెట్టిందీ చాక్లెట్టే. వాటిలో చాలావాటికి కోకో గింజతో చుట్టరికం లేదు. అసలు చాక్లెట్‌ను మనం కంపెనీ పేరుతో పిలిచాం. 1948లో క్యాడ్‌బరీ మన దేశానికి వచ్చింది, ఆ పేరే వస్తువుకూ పేరైంది. వస్తువుకు సొంత పేరు లేకపోవడం వల్ల, దానిలో ఇన్ని రకాలుంటాయన్న ఊహ కూడా మనకు ఆలస్యంగా వచ్చిందని నా నమ్మకం.

కొబ్బరి నీడన

ఏలూరు దాటి కామవరపుకోట, జంగారెడ్డిగూడెం వైపు వెళ్తే దారి పొడుగునా కొబ్బరి, పామాయిల్ తోటలు. పైన ఆకుల గొడుగు, కింద మసక వెలుగు. ఆ మసకలో మనిషెత్తుకు కాస్త పైన కొమ్మలు చాచిన చెట్లు కనిపిస్తాయి. పనస కాసినట్టు కాయలు మాను మీదే కాస్తాయి. అరచేతి కంటే పెద్దవి, గీతలు తేలినవి, కొన్ని పసుపు, కొన్ని నారింజ. అదే కోకో. ఎండ నేరుగా తగిలితే ఓర్చుకోలేని చెట్టు కాబట్టి కొబ్బరి కింద అంతర పంటగా ఒదిగిపోయింది. మన దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఇవాళ ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ పంటలో పెద్ద వాటా ఈ గోదావరి మెట్ట ప్రాంతానిది.

కాయ కోస్తే లోపల ముప్ఫై నలభై గింజలు, ఒక్కొక్కటి తెల్లటి గుజ్జులో చుట్టుకుని ఉంటుంది. ఆ గుజ్జు నోట్లో వేసుకుంటే సీతాఫలానికి కాస్త పులుపు కలిపినట్టుంటుంది. చాక్లెట్ వాసన ఆనవాలు కూడా ఉండదు. గింజను కొరికితే లోపల ఊదా రంగు, నోరంతా వగరు. ఈ వగరు గింజ చాక్లెట్ కావడానికి నాలుగు పనులు జరగాలి: పులియాలి, ఎండాలి, వేగాలి, నలగాలి. తెలుగు వంటింటికి ఈ నాలుగూ పాత పనులే.

ముందు పులియడం. గుజ్జుతో సహా గింజల్ని చెక్క పెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి వదిలేస్తారు. గుజ్జులోని చక్కెరను తిని ఈస్టులు సారాయి చేస్తాయి. ఆ సారాయిని ఇంకో రకం సూక్ష్మజీవులు వెనిగర్‌గా మారుస్తాయి. పెట్టె లోపల వేడి 45, 50 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికీ పులుపుకూ గింజలోని మొలక చనిపోతుంది, కణాల గోడలు విరుగుతాయి, ఊదా రంగు గోధుమ రంగుకు తిరుగుతుంది, వగరు దిగుతుంది. రెండు రోజులకోసారి గింజల్ని తిరగేస్తూ అయిదారు రోజులు ఇలా ఉంచాలి. ఒక రోజు తగ్గితే వగరు మిగులుతుంది, రెండు రోజులు పెరిగితే ముక్కిపోయిన వాసన వస్తుంది. ఇడ్లీ పిండి ఏ రాత్రి ఎంత పొంగుతుందో గిన్నె మూత తీయకుండా చెప్పగల అమ్మలున్న ఊరు మనది. చాక్లెట్ తయారీలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఏదంటే చాలామంది ఫ్యాక్టరీ అనుకుంటారు. కాదు, తోట పక్కన ఈ చెక్క పెట్టె. ఇక్కడ చెడిన రుచిని తర్వాత ఏ యంత్రమూ బాగుచేయలేదు.

పులిసిన గింజల్ని తేమ ఏడు శాతానికి దిగేదాకా ఎండబెడతారు. సుమారు పాతిక కాయలు కోస్తే కిలో ఎండు గింజలు. ఆ తర్వాత వేయించడం. వేరుశనగ గుళ్లు వేగుతుంటే వీధి చివరికి వాసన వచ్చినట్టే, చాక్లెట్ పరిమళం మొదటిసారి పుట్టేది ఇక్కడే. పులిసినప్పుడు విడిపోయిన మాంసకృత్తుల ముక్కలూ, చక్కెరలూ ఈ వేడికి కలిసి వందల రకాల వాసనలు పుట్టిస్తాయి. వేగాక పొట్టు చెరిగేసి, గింజ పలుకుల్ని రుబ్బుతారు.

ఈ రుబ్బడం దగ్గర కాస్త ఆగాలి. చిన్న కార్ఖానాల్లో గింజ నుంచి బిళ్ల దాకా సొంతంగా చాక్లెట్ చేసే ఉద్యమం అమెరికాలో ఈ శతాబ్దం మొదట్లో ఊపందుకుంది. వాళ్లకు అడ్డొచ్చింది యంత్రం. పెద్ద ఫ్యాక్టరీల రోలర్లు చిన్నవాళ్లు కొనలేరు, మిక్సీలు ఆ పని చేయలేవు. ఆరెగాన్ రాష్ట్రంలో చాక్లెట్ ఆల్కెమీ అనే సంస్థ నడిపే జాన్ నాన్సీ వెతికి వెతికి చివరికి పట్టుకున్నది మన దోసెల పిండి గ్రైండర్ని. కోయంబత్తూరు గ్రైండర్‌లో రాతి మీద రాయి తిరుగుతుంది, గంటల తరబడి తిరిగినా అలిసిపోదు. మోటారుకూ రాళ్లకూ కొన్ని మార్పులు చేసి, చాక్లెట్‌ను రెండు మూడు రోజులు ఆపకుండా రుబ్బే యంత్రంగా దాన్ని మలిచారు. జార్జియా రాష్ట్రంలో భారతీయ దంపతులు నెలకొల్పిన కోకోటౌన్ అలాంటి యంత్రాలను దేశదేశాలకూ పంపింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చిన్న చాక్లెట్ కార్ఖానా తలుపు తీసినా మన పిండి గ్రైండర్ చుట్టమే గుర్రుమంటూ కనిపించే అవకాశం ఎక్కువ. రేణువు ఇరవై మైక్రాన్లకు దిగేదాకా రుబ్బితే నాలుకకు ఇసుక తగలదు. ముప్ఫై దాటితే నాలుక పట్టేస్తుంది. మినప్పిండి వేళ్ల మధ్య రుద్ది చూసే చేతికి ఇది వింత కాదు.

మనం

గింజలు మనవే, గ్రైండరూ మనదే. అయినా ఎన్నో ఏళ్లు ఈ గింజలు బస్తాల్లో ఎక్కి వెళ్లిపోయేవి. కొనేది పెద్ద కంపెనీ, అన్ని తోటల గింజలూ ఒకే రాశిలో కలిసిపోయేవి. ఏ ఊరి గింజకు ఏ రుచి ఉందో తెలుసుకునే వీలే లేదు. నూజివీడు రసాల్ని, తోతాపురిని, దారిన రాలిన కాయల్ని ఒకే తొట్టిలో పోసి జ్యూస్ తీస్తే ఎలా ఉంటుందో అలా.

ఈ దారి మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు చైతన్య ముప్పాల. హైదరాబాద్‌లో ఆల్మండ్ హౌస్ మిఠాయిల కుటుంబం నుంచి వచ్చిన ఆయన, ఏలూరు జిల్లా తడికలపూడిలో డిస్టింక్ట్ ఆరిజిన్స్ పేరుతో కోకో పులియబెట్టే కేంద్రం పెట్టారు. రైతుల దగ్గర పచ్చి గింజలు కొని, పులియబెట్టే పని అక్కడే ఒక పద్ధతిలో చేయించడం మొదలుపెట్టారు. 2023లో బంజారాహిల్స్‌లో తెరిచిన దుకాణం, కార్ఖానా కలిసిన చోటికి పెట్టిన పేరు మనం. 2024లో టైమ్ పత్రిక ప్రకటించిన ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల జాబితాలో ఆ కార్ఖానా ఉంది. ఆ గుర్తింపు కంటే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది రేపర్ మీద మాట: వెస్ట్ గోదావరి. బెల్జియం కాదు, స్విట్జర్లాండ్ కాదు. కొబ్బరికాయల లారీ మీద చూసే పేరు చాక్లెట్ మీద.

దక్షిణాదిలో ఈ పని చేస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మైసూరులో నవిలునా, ఆరోవిల్‌లో మేసన్ అండ్ కో, కొచ్చిలో పాల్ అండ్ మైక్, పొల్లాచ్చి తోటల నుంచి సోక్లెట్. వీళ్ల బిళ్లలు రెండు మూడు తెప్పించి, పక్కపక్కన పెట్టి తినండి. ఒకే డెబ్బై శాతం అయినా ఒకటి పులుపుకు, ఒకటి బెల్లానికి, ఒకటి వేయించిన జీడిపప్పుకు దగ్గరగా ఉంటుంది. చాక్లెట్ రుచి అంటే ఒకటే అన్న భ్రమ ఆ సాయంత్రంతో పోతుంది.

రైతు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడ వానలు దెబ్బతీసి, చెట్లకు తెగులు సోకి పంట పడిపోవడంతో 2024లో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను ధర పది వేల డాలర్లు దాటింది. ఏలూరు జిల్లాలో కిలో గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. మరుసటి ఏడాదికే ధర కూలింది. కంపెనీలు కొనుగోలుకు వెనకాడాయి, ఇళ్లల్లో గింజల బస్తాలు పేరుకున్నాయి, రైతులు రోడ్డెక్కారు. చివరికి ప్రభుత్వం కలగజేసుకుని కిలోకు 50 రూపాయలు తన వైపు నుంచి కలిపి కొనిపించాల్సి వచ్చింది. ఘనాలో వాన కురిసిందా లేదా అన్నదాని మీద కామవరపుకోట రైతు బతుకు ఆధారపడకూడదంటే, అతని గింజకు అతని ఊరి పేరుతో విలువ రావాలి. ఆ విలువ ఇవ్వాల్సింది తినేవాళ్లం. చాక్లెట్ ఎంచుకోవడం నాకు రుచి విషయం మాత్రమే కాకుండా పోయింది అందుకే.

రేపర్ వెనక చదవండి

ముందు వైపు చూడకండి. వెనక్కి తిప్పండి. పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. మొదటి మాట చక్కెర అయితే మీరు కొంటున్నది ముఖ్యంగా చక్కెర. మంచి డార్క్ చాక్లెట్‌లో మొదట కోకో గింజలు లేదా కోకో మాస్, ఆ తర్వాత చక్కెర, బహుశా కోకో బటర్. మూడు నాలుగు పేర్లతో పట్టిక అయిపోతే మంచి గుర్తు.

కోకో బటర్ స్థానంలో వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే పక్కన పెట్టేయండి. కోకో బటర్ ఖరీదైనది కాబట్టి దాన్ని తీసి అమ్ముకుని, పామాయిల్ లాంటి చవక కొవ్వు వేస్తారు. అలాంటి సరుకు మీద చిన్న అక్షరాల్లో కాంపౌండ్ అనో, చాకో అనో ఉంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ లెక్కలో చాక్లెట్ అనిపించుకోవాలంటే కోకో పదార్థం కనీసం 35 శాతం, అందులో కోకో బటర్ 18 శాతం ఉండాలి, వేరే కొవ్వులు 5 శాతం మించకూడదు. మన తోటల్లో పామాయిల్, కోకో ఒకే మట్టిలో పక్కపక్కనే పెరుగుతాయి. రెండూ మన రైతువే, రెండిటికీ గౌరవం ఉంది. కానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే నాలుకకు వెంటనే తెలుస్తుంది. కోకో బటర్ నోట్లో నెయ్యిలా జారిపోతుంది. చవక కొవ్వు అంగిట మైనం పూసినట్టు అంటుకుంటుంది.

డెబ్బై శాతం, ఎనభై అయిదు శాతం అన్న అంకెల్ని చూసి భయపడొద్దు, మురిసిపోవద్దు. ఆ అంకె చెప్పేది గింజ నుంచి వచ్చిన భాగం ఎంత అన్నదే. డెబ్బై అంటే మిగిలిన ముప్ఫై దాదాపు చక్కెర. గింజ మంచిదా, సరిగా పులిసిందా అన్నది అంకె చెప్పదు. చెడ్డ గింజతో తొంభై శాతం చేస్తే కషాయం. మొదటిసారి తినేవాళ్లు అరవై దగ్గర మొదలుపెట్టడం మేలు. పాల చాక్లెట్ తక్కువదేమీ కాదు. కోకో యాభై శాతం దాకా ఉన్న పాల చాక్లెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, పిల్లలకు నేను అవే పెడతాను. చాక్లెట్ పూతరేకుల గురించి మాత్రం నా అభిప్రాయం కఠినం. బెల్లం, నెయ్యి ఉన్న చోట కోకో పొడి చల్లితే రెండూ నష్టపోతాయి. చాక్లెట్‌కు మన వైపు నుంచి సరైన జోడీ మామిడి తాండ్ర. చిన్న ముక్క తాండ్ర, చిన్న ముక్క డెబ్బై శాతం, రెండూ కలిపి నోట్లో పెట్టుకుని చూడండి.

ధర సంగతి. యాభై అరవై గ్రాముల బిళ్లకు రెండు మూడు వందలు, ఒక్కోసారి అంతకు మించి. ఎక్కువే. కానీ ఇది టీవీ చూస్తూ గబగబా తినేసేది కాదు. నలుగురున్న ఇంట్లో రోజుకు తలా ఒక చిన్న ముక్క చొప్పున వారం వస్తుంది.

ఎండాకాలం ఊళ్లో

కోకో బటర్ కరిగేది 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త కింద. చాక్లెట్ అందం అంతా అందులోనే ఉంది: చేతిలో గట్టిగా ఉండి నాలుక మీద కరుగుతుంది. విజయవాడకు అదే కష్టం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ గది వేడే 34 దాటుతుంది. ఒక మే నెలలో దూరం నుంచి తెప్పించుకున్న బిళ్లలు ఇంటికొచ్చేసరికి పులుసులా తయారయ్యాయి. ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరిస్తే పైన బూడిద రంగు పొర లేచింది. పాడైపోయిందని చాలామంది పారేస్తారు. అది బూజు కాదు. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో ఒక్కటే నిగనిగలాడుతుంది, టప్పుమని విరుగుతుంది. తయారీదారు వేడినీ చల్లదనాన్నీ లెక్కగా ఇచ్చి ఆ ఒక్క రకానికే గడ్డకట్టిస్తాడు. మన ఎండ ఆ పొందికను చెదరగొడుతుంది. తినొచ్చు, పాలల్లో కరిగించుకుని తాగొచ్చు, కానీ ఆ విరుపు పోయినట్టే.

అందుకే నా సలహా: మామిడికి కాలం ఉన్నట్టే ఈ ఊళ్లో చాక్లెట్‌కూ కాలం ఉంది. కార్తీకం నుంచి శివరాత్రి దాకా. ఆ నాలుగు నెలల్లో మంచివి కొనండి, తెప్పించండి, బహుమతులివ్వండి. వేసవిలో తప్పకపోతే గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. కోకో కొవ్వు పక్కనున్న వాసన పీల్చేస్తుంది. ఇంగువ, ఉల్లిపాయ ఉన్న ఫ్రిజ్‌లో విడిగా పెడితే మర్నాడు మీకే తెలుస్తుంది. తినే ముందు డబ్బా మూత తీయకుండా అరగంట బయట ఉంచండి. వెంటనే తీస్తే చెమ్మ పడుతుంది, చల్లటి ముక్క రుచి చెప్పదు.

తినడానికి భోజనం తర్వాత ఓ గంట ఆగి కూర్చోండి. కాఫీ తర్వాతకు వాయిదా వేయండి, మంచినీళ్లు చాలు. ముక్క విరిచి చప్పుడు వినండి, విరిగిన అంచును వాసన చూడండి. తర్వాత నాలుక మీద పెట్టుకుని నమలకుండా ఊరుకోండి. ఇది కష్టం, మొదట్లో నేనూ నమిలేసేవాణ్ని. నిమిషంలోపే కరగడం మొదలవుతుంది, రుచి ఒకదాని వెనక ఒకటి వస్తుంది. ముందు పులుపు, మధ్యలో తీపి, చివర చేదు, లేదా ఇంకో వరసలో.

ఆ వచ్చినదానికి పేరు పెట్టడం దగ్గర మన భాష చాలా కలిసొచ్చింది నాకు. ఇంగ్లీషు పుస్తకాలు రాస్‌ప్‌బెర్రీ అంటాయి, చెర్రీ అంటాయి. మనం ఎన్నడూ చెట్టు మీద చూడని పళ్లు. మొదట అవే వెతుక్కుని ఏమీ దొరక్క నా నాలుకే మందమేమో అనుకున్నాను. ఒక సంక్రాంతికి పిన్ని వచ్చింది. గోదావరి గింజతో చేసిన బిళ్లలోంచి ముక్క ఇచ్చాను. కళ్లు మూసుకుని కాసేపు కూర్చుని, "నేరేడు పండురా. మొదట పులుపు, తర్వాత వగరు. ఆఖర్న పాకం దించే ముందు బెల్లం వాసన" అంది. మళ్లీ పెట్టుకుని చూస్తే అక్షరాలా అదే. వగరు అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో సామాన్య జనం వాడే పేరు లేదు. మనకు అరటికాయ వగరు వేరు, వక్క వగరు వేరు, నేరేడు వగరు వేరు. కనరు ఉంది, కమ్మదనం ఉంది, జివ్వుమనే పులుపు ఉంది, ముక్కిన వాసన ఉంది. పులియని గింజది అరటికాయ వగరు. బాగా పులిసిన గింజది నేరేడు వగరు. ఎక్కువ వేగితే కనరు. ఈ మాటలు చేతిలో ఉన్నవాళ్లకు చాక్లెట్ రుచి పరాయిది కాదు.

ఆ రోజు పిన్ని రెండో ముక్క అడిగి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని రేపర్‌ను దగ్గరికి పట్టుకుని చదివింది. ఆవిడ ఆడపడుచు అత్తవారిది జంగారెడ్డిగూడెం దగ్గర, ఆ తోటల మధ్యే.

"వెస్ట్ గోదావరి అంటే ఎంతుందిరా?" అంది రేపర్ నాకు తిరిగి ఇస్తూ. "ఏ ఊరిదో రాయొద్దూ?"